ఐదుగురు చూపిన చోటు

సినిమా వదిలేసరికి తిమ్మప్ప తీర్మానించేసుకున్నాడు. ఆరో బోరు వేయాల్సిందే.

ఉరవకొండ టాకీసులో ఆ వారం ఆడుతున్నది తెలుగులోకి మార్చిన ఇంగ్లీషు బొమ్మ. అందులో హీరో ఒకడు కాదు, ఐదుగురు. ఒకడు ఎగురుతాడు. ఒకడు గోడలోనుంచి నడిచిపోతాడు. ఒకతి చిటికేస్తే గడియారాలు ఆగిపోతాయి. ఒకడికి భూమి కింద చీమ నడిచినా వినిపిస్తుంది. ఐదోవాడు ఏం చేస్తాడో చివరిదాకా తెలియలేదు గానీ, కోటు మాత్రం బాగుంది.

సగం సినిమా వాళ్లలో వాళ్లే కొట్టుకు చచ్చారు. విడివిడిగా పోయి విలన్ చేతిలో తన్నులు తిన్నారు. రెండో సగంలో ఐదుగురూ ఒక వరసలో నడిచొచ్చేసరికి హాలంతా లేచి నిలబడింది. తిమ్మప్ప తలగుడ్డ విప్పి ఎగరేశాడు. అది మళ్లీ దొరకలేదు.

ఒంటి హీరోల మీద ఈ సీమలో ఎవడికి నమ్మకం మిగిలింది గనక? ఒక్కొక్కడూ వచ్చి, నేనొక్కణ్ణే చాలు, నీళ్లు తెస్తానని తొడగొట్టి పోతాడు. ఐదేళ్లకు మళ్లీ వచ్చి అదే తొడ కొడతాడు. ఐదుగురు కలిసి దిగితే, ఒకడు కాకపోతే ఇంకొకడైనా పని చేయక చస్తాడా? తిమ్మప్పకు ఆ బొమ్మ అందుకే నచ్చింది.

అతని చేన్లో ఐదు బోర్లూ ఎండినవే. ఐదు చోట్లూ చూపింది ఐదుగురు వేర్వేరు మనుషులు. ఓబన్న అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తాడు, నీళ్లున్న చోట అది నిక్కి నిలబడుతుంది. ఓబుళేసుది వేపపంగల, రెండు చేతులా పట్టుకున్న ఆ చీలిక కొమ్మ నీళ్లున్న చోట కిందికి వంగుతుంది. రామకృష్ణయ్య శెట్టి గడియారం గొలుసు వేలాడదీసి చూస్తాడు. తిరుపాలమ్మకు అరికాళ్లు జిలపెడతాయి. అనంతపురం విష్ణువర్ధన్ దగ్గర మిషనుంది, అప్పుడప్పుడూ దానికి బ్యాటరీ కూడా ఉంటుంది.

విడివిడిగా ఓడిపోయారు. సరే. కలిపి చూస్తే?

ఇంటికొచ్చి, పెరట్లో గుడ్డలుతికే రాయి మీద కూర్చుని పెళ్లాం ఓబులమ్మకు సంగతి చెప్పాడు. ఆ రాయి అతని మొగతనానికి గుర్తు. రెండేళ్ల కిందట మొగుడూ పెళ్లాం ఏడాదిపాటు బెంగుళూరులో ఇటుకలు మోసి తిరిగొస్తే, చేని తూర్పు గట్టున నీలం రంగు పూసిన రాయి నాటి ఉంది. గట్టు జరపడానికి పక్కచేని చెన్నప్ప చేసిన పనేనని తిమ్మప్పకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒక్కడే పెకలించి భుజాన మోసుకొచ్చాడు. ఆనాటి నుంచి చెన్నప్పతో మాటల్లేవు.

ఓబులమ్మ అంతా విని సబ్బు కింద పెట్టింది.

"ఉన్న ఒక్క జత ఎద్దుల్నీ అమ్ముతానంటావు. అమ్ము. ఈ తూరి నీళ్లు పడకుంటే నేను బెంగుళూరు బస్సెక్కుతా. వస్తే రా. రాకుంటే నీ ఐదుమంది హీరోలకు వంట చేసుకుంటా ఈడే ఉండు."

ఆమె సంచీ సర్దింది. ఎద్దులు సంతకు పోయాయి.

ఐదుగురూ ఒకే పొద్దున చేన్లో దిగారు. మొదటి సగం సినిమాలో మాదిరే నడిచింది. గొలుసును టెంకాయ వెక్కిరించింది. మిషను పట్టుకున్నవాణ్ణి వేపపంగల పట్టుకున్నవాడు పిల్లోడా అన్నాడు. అరికాళ్లకు శాస్త్రం లేదని శెట్టి అంటే, తిరుపాలమ్మ ఆయన తాత దాకా పోయింది. తిమ్మప్ప కాళ్లావేళ్లా పడి, ఒకరి తర్వాత ఒకరు నడవండి, ఒకరు నడిచేటప్పుడు మిగతావాళ్లు అటు తిరిగి నిలబడండి అని ఒప్పించాడు.

ఓబన్న తూర్పు గట్టు పక్కన ఆగాడు. టెంకాయ నిక్కి, ఎగిరి కింద పడింది. ఓబుళేసు వచ్చి అక్కడే ఆగాడు. శెట్టి గొలుసు అక్కడే గిరగిరా తిరిగింది. తిరుపాలమ్మ అక్కడే అబ్బా అని కూలబడింది. మిషను అక్కడే కూసింది.

ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక వాళ్లు ఏకమైంది అదే మొదటిసారి. తిమ్మప్ప ఆ చోట మడమతో గుర్తు పెట్టాడు.

బోరు లారీ వచ్చి నిలబడింది. ఇంజను మొదలైందో లేదో, పక్కచేన్లోనుంచి చెన్నప్ప రెండు చేతులూ ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆడొద్దు తిమ్మప్పా, ఆడ..."

మిగతాది ఇంజను మింగేసింది.

"విలన్ లేకుండా సినిమా యాడుంటాదప్పా," అని తిమ్మప్ప లారీ మేస్త్రీకి సైగ చేశాడు. "నువ్వు కానీ."

నాలుగే అడుగులు. నీళ్లు ఒక్క ఊపున లేచి లారీ స్తంభాన్ని దాటి పోయాయి. పదిహేనేళ్ల సర్వీసులో నాలుగడుగులకు గంగ పడింది చూడలేదని మేస్త్రీ లెంపలేసుకున్నాడు. ఐదుగురు హీరోలూ తడిసి ముద్దై, ఇది నాది, నాది అని అరుచుకుంటూనే ఒక వరసలో నిలబడ్డారు. శెట్టి దోసిలి పట్టి తాగి, మన నేలలో ఉప్పునీళ్లే గదా పడేది, ఇవి ఏటినీళ్ల మాదిరి తియ్యగా ఉన్నాయేమప్పా అని ఆశ్చర్యపోయాడు. చెన్నప్ప తల పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. కుళ్లుకు మందు లేదని తిమ్మప్ప నవ్వి, రెండో తలగుడ్డ కూడా ఎగరేశాడు.

సంచీ విప్పేయమని ఓబులమ్మకు కబురు పంపబోయాడు. అంత అవసరం లేకపోయింది.

ఊర్లోనుంచి ఖాళీ బిందెతో పరుగెత్తుకొచ్చిన ఓబులమ్మ రొప్పుతూ, "పదకొండూళ్లలో కొళాయిలు ఒక్కసారే నిలిచిపోయినాయంట, పైపులోళ్లు జీపేసుకోనొచ్చి వాళ్లు నాటిన నీలం రాయి యాడుండాదని ఇల్లిల్లూ అడుగుతాండారు," అంది.