తువ్వాల కింది బేరం

మూడో దెబ్బకి దయాకర్‌కి పన్ను ఊడింది. జీవితంలో అతను ఎగ్గొట్టలేకపోయిన మొదటి పన్ను అదే.

ఆత్మకూర్ దాటాక కృష్ణ ఒడ్డున గొర్రెల దొడ్డి. దొడ్డి మధ్యలో గుంజ. గుంజకి దయాకర్. ఇన్నేళ్లూ పెట్టుబడులు పెట్టినవాడు చెంపపెట్లు తింటున్నాడు. వాటాలు కొన్న ఒంటి నిండా వాతలే. కొడుతున్నది ఐలేశం. కొట్టిస్తున్నది అతని అన్న మల్లప్ప, గొర్రెల బేరగాడు. చుట్టూ రెండు వందల గొర్రెలు, జీతానికి కూర్చున్న డైరెక్టర్లలాగా, నెమరు వేస్తూ చూస్తున్నాయి.

"సాలన్నా, ఇగ సాలు!"

"నువ్వు సాలంటే గాదు సారూ," అన్నాడు మల్లప్ప మర్యాదగా. "మాకు పని జెప్పిన పార్టీ అనాలె. ఫోన్ జేసి సాలనేదాంక కొట్టమన్నడు. ఫోన్ రాలె."

ఫోన్ల సంగతి మధ్యాహ్నమే తేలిపోయింది. దారికాచి, కారులోంచి దయాకర్‌ని లాగి తీసుకురాగానే ఐలేశం జేబులు తడిమాడు. రెండు ఫోన్లు దొరికాయి. "గివి ఉంటే పోలీసోళ్లు జాడ వడ్తరు. టీవీల సూసిన" అంటూ రెండింటినీ కృష్ణలోకి విసిరాడు. లక్షన్నర ఫోన్ మునిగినప్పుడు దయాకర్ కిమ్మనలేదు. జేబులోనే తడిమి నొక్కగలిగే వెయ్యి రూపాయల మీటల ఫోన్ మునిగినప్పుడు మాత్రం కన్నబిడ్డ మునిగినట్టు కేకలు పెట్టాడు. అప్పటికింకా ఒక్క దెబ్బ కూడా పడలేదు.

దయాకర్‌ది పోచంపల్లి. ఇరవై ఏళ్లప్పుడు బాపు మగ్గాన్ని అమ్మబోతే ఎవరూ కొనలేదు. ముక్కలు చేసి అమ్మితే మంచి ధర వచ్చింది. ఆ రోజే వ్యాపారం అర్థమైంది. తెలంగాణ వచ్చిన ఏడాది హైదరాబాదులో ఫండు పెట్టాడు. పరాయి డబ్బుతో కంపెనీలు కొనడం, కోయడం, ముక్కలుగా అమ్మడం. పనివాళ్లను మాత్రం ముక్కలు చేయలేదు, మొత్తంగానే ఇంటికి పంపాడు. కేతేపల్లి దగ్గర నూలు మిల్లు మూసిన రోజు చేతికి ఉత్తుత్తి కట్టు కట్టుకుని వెళ్లాడు. రాళ్లు పట్టుకున్న కూలీలు "అయ్యో, సారుకు దెబ్బ తాకింది" అని దారిచ్చారు. ఈ సాయంత్రం ఆరింటికి హైదరాబాదులో మీటింగు. ఫండులో డబ్బు పోసినవాళ్లంతా వచ్చి, ఆ డబ్బేదని అడగబోతున్నారు.

కర్ర మళ్లీ లేచింది. ఈసారి వేళ్ల మీద పడింది. చిటుక్కుమంది. దయాకర్ గొర్రెకంటే సన్నగా అరిచాడు.

"ఎముకలిరుగుతున్నయన్నా!"

"పానం దియ్యొద్దన్నడు గని, ఎముకల సంగతి ఏం జెప్పలె."

మల్లప్ప భార్య బీరమ్మ చెంబుతో నీళ్లు, గుప్పెడు పసుపు తెచ్చింది. పగిలిన నుదుటికి పసుపు అద్దింది.

"జర మెల్లగ కొట్టుర్రయ్యా. మనిషి సల్లవడ్తాండు. పార్టీ ఫోన్ జేసేటాళ్లకు పీనుగైతే ఏమంటరు?"

నిజమే. దయాకర్ కళ్ల ముందు దొడ్డి గుండ్రంగా తిరుగుతోంది. ఇంకో గంట ఇలాగే సాగితే బతకడని అతనికీ తెలిసిపోయింది.

"మల్లప్పన్నా, నేను గూడ మీ లెక్కనే కష్టం జేసేటోళ్ల ఇంట్ల, మగ్గం నేసే సాలోళ్ల ఇంట్ల వుట్టిన పోరన్నే. మీకు ముట్టినదానికి పదింతలిస్త. ఇడువు."

"పైసలు జూపిస్తడు, తీస్కోవద్దని ముందే జెప్పిండు పార్టీ. సంతల తువ్వాల కింద ఏళ్లు వట్టినం సారూ. అమ్మిన గొర్రెను మల్ల అమ్ముతమా?"

గొర్రెల సంతలో బేరం నోటితో సాగదు. చేతుల మీద తువ్వాల కప్పి, కింద వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. తువ్వాల తీశాక మాట మారదు. దయాకర్ చింపేసిన ఒప్పందాల కాగితాలకి లెక్కలేదు. తువ్వాలని చింపడం ఎలాగో మాత్రం అతనికి తెలియదు.

"ఎసొంటోడే గా పార్టీ?" అంది బీరమ్మ.

"ఎవనికెరుక? నెత్తి మీది హెల్మెట్ తియ్యలె. గొంతు గూడ సక్కగ ఇనవడలె. ఏళ్లు మాత్రం ఎన్నపూస లెక్క మెత్తగున్నయి."

ఆ మాట వినగానే దయాకర్ తల ఎత్తాడు. దగ్గరికి రమ్మని సైగ చేశాడు. మల్లప్ప వంగితే, చెవిలో రక్తంతో పాటు ఒక మాట ఊశాడు.

మల్లప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఓరి నీ! పానం మీదికొస్తె మనిషి ఎంతకైనా తెగిస్తడని పార్టీ ఊకె అనలే. ఏం జెప్పినా నమ్మొద్దన్నడు. తమ్మీ, కానియ్యిరా."

"తువ్వాల... తువ్వాల కప్పన్నా. ఒక్కపారి నా ఏళ్లు వట్టి సూడు. నీ కాల్మొక్త."

కొత్త బేరం పెడతాడేమో అనుకున్నాడు మల్లప్ప. పోయేవాడి మాట ఎందుకు కాదనాలని భుజం మీది తువ్వాల తీసి కప్పాడు. కింద చెయ్యి పెట్టి, ఒక్కొక్క వేలూ తడిమాడు. తల అడ్డంగా ఊపి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

ఐలేశం కర్ర ఎత్తాడు.

మొన్న సంతలో హెల్మెట్ తియ్యకుండా తనతో ఈ బేరం కుదుర్చుకున్నవి ఈ వేళ్లేనని, విరిగి ముల్లంగుల్లా ఉబ్బిన వాటిని తడిమిన మల్లప్ప పోల్చుకోలేకపోయాడు.