సన్నాయి ఆగిన చోటు

ఏడో తరగతి పిల్లలు స్టీలు గ్లాసుల్లో బొప్పాయి కాడలు పెట్టి ఊదుతున్నారు. నీళ్లలో బుడగలు ఆగకూడదు. నోటితో ఊదుతూనే ముక్కుతో గాలి తీసుకోవాలి. సన్నాయి వాయించేవాళ్ల విద్య అది. ముప్ఫై ఒక్క మందిలో ఎవరికీ పట్టుబడలేదు. చొక్కాలు మాత్రం తడిశాయి.

జగపతి ప్రతి శనివారం జనగామ నుంచి బస్సులో దంతాలపల్లి వచ్చి, ఆ పక్క ఊరి బడిలో కొమ్ము, బూర, సన్నాయి, పిల్లనగ్రోవి గురించి చెబుతాడు. తను నేర్చుకున్నది పిల్లనగ్రోవి ఒక్కటే. మిగతావాటిని బొమ్మల్లో చూపిస్తాడు. బొమ్మలు ఊదవు. అందుకే మొదటి వారమే ఒక పని అప్పగించాడు. ఊళ్లో ఎవరు ఏది ఊదినా ఫోన్‌లో రికార్డు చేసి తేవాలి.

ఇప్పటికి వచ్చినవి రెండే. హరిలాల్ తండాలో తన తాత జాల్యా ఊదిన వెదురు పిల్లనగ్రోవి తెచ్చాడు. అందులో పాట కంటే మేకల అరుపులు ఎక్కువ. రాజీవ్ తెచ్చింది సినిమా పాట. దానికి క్లాసంతా ఎగిరింది.

ఈ శనివారం చివరి బెంచీ నుంచి ఒక అమ్మాయి వచ్చి బల్ల మీద ఫోన్ పెట్టింది. పేరు అమూల్య. కిందటి రెండు వారాలూ ఆమె కనిపించలేదు.

"మా బాపు ఊదిండు సార్. సన్నాయి," అంది.

జగపతి ఫోన్‌ను చిన్న స్పీకరుకు కలిపాడు.

ముందు డప్పులు. పటాకులు. చాలామంది నడుస్తున్న అలికిడి. పెళ్లి బరాత్ అనుకున్నాడు. అంతలో వాటన్నిటి మీదుగా సన్నాయి లేచింది.

అలాంటి ఊపిరి అతను ఏ కచేరీలోనూ వినలేదు. నడుస్తూ వాయిస్తున్నా స్వరం అదరలేదు. ఎక్కడ గాలి పీల్చాడో తెలియడం లేదు.

పిల్లలు గ్లాసులు పక్కన పెట్టేశారు. సినిమా పాటకు ఎగిరినవాళ్లు ఒక్కరూ కదల్లేదు. పాఠం ఇన్నాళ్లకు తలకెక్కిందని జగపతికి తృప్తిగా అనిపించింది. మళ్లీ మొదటి నుంచి పెట్టి, ఈసారి ఊపిరి కోసమే చెవి ఒగ్గాడు.

"ఇగో, గిక్కడ వినుండ్రి. ముక్కుతోని గాలి గుంజుకున్నడు. అయినా పాట తెగలే."

అమూల్య తన చోటికి వెళ్లి కూర్చుంది. గ్లాసులో నీళ్లు కిటికీ బయట పారబోసి, చున్నీ కొసతో లోపల తుడిచి, బోర్లించింది.

వాళ్ల నాయన ఏం చేస్తాడని జగపతి అడిగాడు. పేరు ఎల్లేశ్ అని, కూలికి పోతాడని, పెళ్లిళ్లకు డీజేలు వచ్చాక చుట్టుపక్కల సన్నాయి ఊదేది ఆయన ఒక్కడే మిగిలాడని చెప్పింది. వచ్చే శనివారం బడికి తీసుకురమ్మన్నాడు. పిల్లలకు ఆయనే నేర్పాలని, తను పక్కన కూర్చుంటానని అన్నాడు.

"బాపు ఇప్పుడు ఊదుతలేడు సార్."

పోనీ, ఇంకో పాట ఏదైనా ఉంటే తెమ్మన్నాడు.

"గిదొక్కటే ఉన్నది. మా చిన్నమ్మ రికార్డు చేసింది."

జగపతి మూడోసారి పెట్టాడు. ఈసారి గడియారం చూసుకున్నాడు. మూడు నిమిషాలు దాటాక సన్నాయి ఆగింది. డప్పులూ ఆగాయి. నడక కూడా ఆగింది. ఎవరో మగమనిషి దూరంగా ఏదో అన్నాడు, మాట అందలేదు. కాసేపటికి అదే స్వరం నుంచి సన్నాయి మళ్లీ మొదలైంది.

ఆ ఆగిన చోటు మీద పిల్లలకు ఒక మంచి పాఠం చెప్పవచ్చని జగపతికి తోచింది. ఎంత గొప్ప వాద్యగాడికైనా విరామం కావాలి. పిల్ల నోటితోనే చెప్పిస్తే బాగుంటుందనుకున్నాడు.

"గింతసేపు తెగకుంట ఊదినాయన, గీడ ఎందుకు ఆపిండమ్మా? దమ్ము సాలలేదా?"

హరిలాల్ తల దించుకున్నాడు. ముందు బెంచీలో ఎవరో ముక్కు చీదారు.

అమూల్య లేచి నిలబడింది. హాజరు పలికినట్టుగా చెప్పింది.

"ఆడ పాడె దించిండ్రు సార్, బాపు సన్నాయి పక్కకు పెట్టి మా అమ్మ చెవుల మూడుసార్లు పేరు పెట్టి పిలిచిండు."