మిరియానికి షుగర్

మీటర్లో పదిహేడు.

కాత్యాయని బటన్ మళ్లీ నొక్కింది. ఆఖరిసారి తీసిన అంకె అదే. పదిహేడు. ఇక్కడి లెక్కలో పది, అంటే మన నూట ఎనభై, దాటితే ప్రమాదమని డాక్టర్ చెప్పింది.

"మావయ్యగారూ, ఇవాళ మిరియానికి ఎంతొచ్చింది?" అని వంటింట్లోంచే అడిగింది.

"ఏడమ్మా. బ్రహ్మాండంగా ఉంది," అన్నారు కేశవరావుగారు హాల్లోంచి, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

కాత్యాయని మీటర్ని సొరుగులో పెట్టేసింది. మొన్న ఆయన ఆరన్నారు, మీటర్లో పదహారుంది. నిన్న ఏడన్నారు, పద్దెనిమిదుంది. ఈ మీటర్ ఆఖరి అంకె దాచుకుంటుందని ఆయనకు తెలియదు.

మిరియం వాళ్ల నల్లపిల్లి. ఈ దేశం వచ్చి, హారిస్‌డేల్‌లో ఇల్లు కొన్న ఏడాది దాన్ని తెచ్చుకున్నారు. రెండు నెలల కిందట గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగుతుంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. షుగరని తేలింది. "మందు ఇస్తాను కానీ అసలు మందు తిండే. బిస్కెట్లు మానేసి, మాంసం ఎక్కువ, పిండి తక్కువ ఉన్న తడి తిండి పెట్టండి. తగ్గకపోతే రోజుకు రెండు ఇంజెక్షన్లు తప్పవు," అంది డాక్టర్.

ఆ వారమే కోడలూ మావగారూ కలిసి సూపర్ మార్కెట్‌కు వెళ్లారు. పిల్లి తిండికే ఒక వరసంతా ఉంది. ఏ డబ్బా మీదా పిండి ఎంతో రాయలేదు. కేశవరావుగారు తెనాలిలో ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పిన మాస్టారు. కళ్లజోడు పైకి తోసుకుని డబ్బా తిప్పారు.

"మాంసకృత్తులు, కొవ్వు, నీరు, బూడిద. నాలుగూ కలిపి నూరులోంచి తీసెయ్. మిగిలిందే పిండి."

"పిల్లి తిండిలో బూడిదేంటి మావయ్యగారూ?"

"ఖనిజాలమ్మా. అలాగే రాస్తారు."

కోడి బొమ్మతో ముచ్చటగా ఉన్న గ్రేవీ డబ్బాలో పిండి ఎక్కువ తేలింది. కంగారూ మాంసం డబ్బాలో నూటికి ఒకటిన్నరే. ఆయనే బుట్టలో పన్నెండు వేశారు. ఆ రోజు ఆమెకు మావగారి మీద ఎంత గౌరవం కలిగిందో!

మిరియం ఆయన ఒళ్లో తప్ప కుదురుగా కూర్చోదు. అందుకే చెవికి సూది గుచ్చి చుక్క రక్తం తీసే పని ఆయనే తీసుకున్నారు. ఆయన కొడుకు శ్రీపతి గనుల్లో పని చేస్తూ మైన్ సైట్‌లో రెండు వారాలుండి ఒక వారం ఇంటికొస్తాడు. కాత్యాయని ఆఫీసుకు, తొమ్మిదేళ్ల కూతురు చైత్ర బడికి వెళ్లాక ఇంట్లో మిగిలేది ఆయనా పిల్లీ మాత్రమే.

అక్కడే ఆమెకు అనుమానం మొదలైంది. వంద రోజులు రావాల్సిన టెస్ట్ స్ట్రిప్పులు యాభై రోజులకే అయిపోయాయి. ఆయనకు పెరుగన్నం ప్రాణం. పిల్లి వచ్చి కాళ్లు రాసుకుంటే పెట్టకుండా ఉండగలరా? పెట్టేసి, అంకె ఎక్కువొస్తే, మళ్లీ గుచ్చి చూసుకుంటున్నారా?

"తాతయ్య ఎప్పుడైనా మిరియానికి ఏమైనా పెడుతున్నారా?" అని చైత్రని అడిగింది.

"ఐ డోంట్ నో, మామ్. హాలిడేస్‌లో లాండ్రీ రూమ్ డోర్ క్లోజ్ చేసుకునేవారు. మిరియం నీడ్స్ ప్రైవసీ అట."

కాత్యాయని మీటర్ పట్టుకుని హాల్లోకి వెళ్లింది. టీవీ ఆపేసింది.

"మావయ్యగారూ, ఇందులో పదిహేడుంది. మీరేమో ఏడంటున్నారు."

ఆయన ముఖం పాలిపోయింది. మీటర్ వంక, ఆమె వంక మార్చి మార్చి చూశారు.

"దానికి పెరుగన్నం పెడుతున్నారు కదూ?"

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "అవునమ్మా. పెట్టాను. తప్పయిపోయింది," అన్నారు.

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకుంటారని ఆమె అనుకోలేదు. అందుకే కోపం రెట్టింపైంది. గదిలోకి వెళ్లి శ్రీపతికి ఫోన్ చేసింది.

"చైత్ర బతిమాలిందని మీ నాన్నగారి తిరుగు టికెట్ మూడు నెలలు వాయిదా వేయించాం. ఇప్పుడు ముందుకు జరిపించు. నోరులేని జీవాన్ని చంపేసేలా ఉన్నారు. పైగా అబద్ధాలు!"

"ఒకసారి మిరియాన్ని డాక్టర్‌కి చూపించు కాత్యా. తర్వాత మాట్లాడదాం," అన్నాడతను.

శనివారం డాక్టర్ దగ్గరికి బయల్దేరారు. బుట్టలో మిరియం అరిచి గోల చేస్తుంటే కేశవరావుగారు కూడా కారెక్కక తప్పలేదు. దారి పొడుగునా ఇంజెక్షన్ ఎలా ఇవ్వాలో నేర్చుకోవడానికి కాత్యాయని ధైర్యం కూడగట్టుకుంటోంది.

డాక్టర్ రక్తం తీసుకుని లోపలికెళ్లింది. అరగంటకు నవ్వుతూ వచ్చింది.

"ఇవాళ్టి షుగర్ ఆరు. గత రెండు మూడు వారాల సంగతి చెప్పే పరీక్ష కూడా చేశాను. అన్ని రోజులూ అదుపులోనే ఉంది. ఇంక మందు కూడా ఆపేసి చూద్దాం. తిండి విషయంలో మీ ఇంట్లో ఎవరో చాలా కచ్చితంగా ఉన్నారు."

కాత్యాయనికి అర్థం కాలేదు. సంచిలోంచి మీటర్ తీసి బల్ల మీద పెట్టింది.

"మరి ఇందులో నేను చూసిన పదహారు, పద్దెనిమిది, పదిహేడు?"

డాక్టర్ మీటర్ అందుకునేలోపే, మిరియాన్ని గుండెకు హత్తుకుని నిలబడ్డ కేశవరావుగారు, "అవి నావమ్మా, ఇండియా నుంచి తెచ్చుకున్న షుగర్ మాత్రలు అయిపోయి రెండు నెలలైంది," అన్నారు.