అమ్మకు రాసిన నాలుగు మాటలు

"ఇవాళ పనిలోకొచ్చిందా నాయనా?"

కంప్యూటర్ సెంటర్లో ముసలావిడ స్టూలు లాక్కుని కూర్చోగానే ఆపరేటర్ నవ్వాడు. 'ఫింగర్' అనే ఆదేశం కొట్టి, పక్కన ఆ పిల్ల పేరు కొట్టాడు. ఎక్కడో ఇంకో ఊళ్లో, ఆ పిల్ల పనిచేసే కాలేజీ కంప్యూటర్ జవాబిచ్చింది. మనిషి వచ్చిందా, మీటలు ముట్టుకుని ఎంతసేపైంది, చివర అడిగినవాళ్లకి కనిపించేలా ఆ పిల్ల రాసిపెట్టిన నాలుగు మాటలు.

"వచ్చిందమ్మా. కాసేపటి నుంచీ మీటలు ముట్టుకోలేదు."

"టీకి లేచుంటుంది. టీ పడందే బండి కదలదు దానికి."

తల్లి ప్రాణం అనుకున్నాడు ఆపరేటర్. కింద ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగుని కూడబలుక్కుని చదివాడు. "అమ్మా, చెయ్యి అతుక్కుంది. జడ నేనే వేసుకుంటున్నా."

ఆపరేటర్ తెర మీంచి ఆవిడ వైపు తిరిగాడు.

"కట్టుకున్నదాని చెయ్యి విరగ్గొట్టినవాడు మనిషేనా? వాడి చేతులు పడిపోను."

ఆవిడ మొహం పాలిపోయింది. "శాపాలు పెట్టకు నాయనా. వాడూ ఓ తల్లి కడుపున పుట్టినవాడే."

"మీది మరీ మెత్తని మనసమ్మా."

"మనం చూస్తున్నట్టు దానికి తెలుస్తుందా?"

"తెలీదు. ఆ కంప్యూటర్ ఎవరడిగినా చెప్పేస్తుంది, ఎవరడిగారో మాత్రం ఆమెకి చెప్పదు. అమ్మ తప్ప ఇంకెవరు చూస్తార్లే అని రాసేస్తోంది పాపం ఆ పిల్ల."

ఆవిడ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

శుక్రవారం నాడు ఆ మాటలు మారాయి.

"అమ్మా, ఇల్లు మారాను. లైబ్రరీ వెనక వీధి, నీలం గేటు, మేడమీద గది. ఒక్కదానివే రా. రెండుసార్లు తట్టి, ఆగి, ఇంకోసారి తట్టు. అప్పుడే తీస్తాను."

ఆవిడ మళ్లీ చదివించుకుంది. పెదాలు కదుపుతూ బట్టీ పట్టింది.

"రాసిమ్మంటారా?"

"వద్దు. ఇలాంటివి కాగితం మీద ఉండకూడదు."

ఆపరేటర్ కళ్లు చెమర్చాయి. "వెంటనే వెళ్లి ఇంటికి తెచ్చుకోండమ్మా."

"అందుకేగా ఇన్నాళ్లూ నీ చుట్టూ తిరిగింది." అతని తల నిమిరి, మెట్లు దిగింది.

వీధి మలుపులో ఆగివున్న కారెక్కి తలుపు వేసుకుంటూ, కొడుకుతో అంది. "నీ పెళ్లాం దొరికిందిరా, కానీ తలుపు మాత్రం నేనే తట్టాలి."