తిమ్మక్క కాపలా

“తుపాకి ఇట్ల తే. నువ్వు లోపలికి పోయి గడియ పెట్టుకో” అంది తిమ్మక్క.

ఏసుదాసు తుపాకి ఆమె చేతిలో పెట్టి, లోపలికి పోయి చెనక్కాయల మూటల వెనక నక్కాడు. సిగ్గేసింది. అయినా కాళ్ళు ఆగితే కదా!

ధర్మవరం దారిలోని ఆ పల్లెలో అవి చెనక్కాయలు పెరికే రోజులు. మధ్యాహ్నమైతే ఊరంతా చేలల్లోనే. కుళ్ళాయప్ప మనుషులకు అంతకన్నా ఏం కావాలి? కుళ్ళాయప్ప గొర్రెల మందను దొంగతనంగా లారీకెక్కిస్తూ, అడ్డమొచ్చిన కాపరి చెయ్యి విరగ్గొట్టాడు. కళ్ళారా చూసిన సాక్షి ఒక్కరే. ఆ సాక్షి ఉండేది ఈ ఇంట్లోనే. సోమవారం పెనుకొండ కోర్టులో ఆ నోరు తెరుచుకోకూడదని వాళ్ళు వారం నుంచి కాచుకుని ఉన్నారు.

“పోలీసు కాపలా వేసినారంటనే?” అని పొద్దున పక్కింటి బాలమ్మ అడిగింది.

“వేసినారులే. దాన్ని నమ్ముకుంటే మునిగినట్లే” అంది తిమ్మక్క.

లోపల సంగటి తింటున్న ఏసుదాసుకు ఆ మాట వినబడింది. నిజమే అనుకున్నాడు.

పాపం, అతనికి చిన్నప్పటినుంచీ చప్పుడంటే హడల్. హిందూపురంలో దీపావళి వచ్చిందంటే అమ్మ కొంగు వదిలేవాడు కాదు. చేతనైంది ఒక్కటే, పరుగు. ఆ పరుగే అతణ్ణి ఈ తిప్పల్లోకి తెచ్చి పడేసింది. తిమ్మక్క అలా కాదు. మొగుడు ఈరన్న బతికుండగా అతనితో పాటు చేలో అడవిపందులకు కాపలా ఉండి తుపాకి పేల్చడం నేర్చింది. ఏసుదాసు తుపాకి పట్టుకున్న తీరు చూసి మొదటిరోజే పకపకా నవ్వింది.

“ఏమప్పా, చంటిబిడ్డను ఎత్తుకున్నట్ల పట్టుకుండావే!”

వాకిట్లో మోటారుసైకిళ్ళు ఆగాయి.

“ఏమక్కా, ఎండలో కూచుండావు? లోపలోడు బయటికి రాడా?” ఎవడిదో వెటకారం.

“వాడు అన్నం తింటాండాడు. మీతో మాట్లాడేదానికి నేను సాలు.”

“ఆ తుపాకి పేలుతాదా?”

పేలింది. పందిరి మీది సొరకాయ తునకలై వాళ్ళ నెత్తిన రాలింది.

“చూస్తిరి కదా! ఇంగోటి మీకే.”

మోటారుసైకిళ్ళు వచ్చినదానికన్నా వేగంగా వెళ్ళాయి. మూటల వెనక ఏసుదాసు చెవులు మూసుకుని, యేసుప్రభువునే కాదు, మధ్యలో కదిరి నరసింహస్వామిని కూడా పిలిచేశాడు.

“పోయినారులే, రా నాయనా. అన్నం ఆరిపోతాది” అని తలుపు తట్టింది తిమ్మక్క.

ఏసుదాసుకు కళ్ళనీళ్ళు ఆగలేదు. “నీకేమన్నా అయ్యుంటే పెద్దమ్మా?”

“నా ఇంట్లో ముద్ద తిన్నోడివి. నీకు దెబ్బ తగిలితే మీ అమ్మకు నేనేం చెప్పాల?”

“ఈ సంగతి ఎవురికీ చెప్పొద్దు.”

“నేనేల చెప్తా? తిను.”

ఊరిబిండి పచ్చడి కలుపుకుని కడుపునిండా తిన్నాడు ఏసుదాసు. అంత నిశ్చింత అతనికి ఈ మధ్యకాలంలో ఎక్కడా దొరకలేదు. ఆ తరువాత కుళ్ళాయప్ప మనుషులు ఆ వీధి ముఖం చూస్తే ఒట్టు. తిమ్మక్క పగలంతా అరుగు మీదే తుపాకితో కూర్చుని, ఒడిలో పోసుకున్న చెనక్కాయలు ఒలుస్తూ, లోపలికి కబుర్లు చెప్పింది.

సోమవారం ఇద్దరూ పెనుకొండ బస్సెక్కారు. తుపాకిని కంబళిలో చుట్టి తిమ్మక్క తన పక్కనే పెట్టుకుంది. కోర్టు గోడ దగ్గరికి వచ్చాక దాన్ని ఏసుదాసు చేతికిచ్చింది.

“ఇంగ నువ్వు పట్టుకో. నలుగురూ చూస్తాండారు. సంచిలో గుడ్డలుండాయి కదా, మార్చుకోనిరా పో.”

ఏసుదాసు గోడ వెనక్కి పోయి మార్చుకుని వచ్చాడు. తిమ్మక్క అతని ముఖం మీది చెమటను కొంగుతో తుడిచి, చొక్కా సర్దింది.

“ఎంత బాగుండావురా! బెదరొద్దు. ఈ పక్కనే నేనుండాను కదా” అని మురిసిపోయింది.

బంట్రోతు సాక్షిని కేకేశాడు. ఇద్దరూ కలిసి మెట్లెక్కారు.

పరుగులో నెగ్గి పోలీసైన ఏసుదాసే, సాక్షి తిమ్మక్కకు ప్రభుత్వం ఇచ్చిన గన్‌మన్.