మోతీకి మంచి తోలు

“కోస్తవా? నా కుక్క మంచి తోలు కోస్తవా?”

దొర ఇంకా గడప దాటనే లేదు, అరుపు మాత్రం ముందే లోపలికొచ్చింది. కొండాపూర్ పశువుల దవాఖానలో బల్ల మీద పడుకున్న మోతీ చెవులు రిక్కించింది. కత్తెర పట్టుకుని నిల్చున్న డాక్టర్ వెంకటనారాయణ తలెత్తి చూశాడు. దొరకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని పలికే ధైర్యం ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు కాబట్టి మనమూ దొర అనే అనుకుందాం.

మోతీ ఆయన వేటకుక్క. పోయిన వారం గోపన్‌పల్లి గుట్టల్లో అడవిపంది కోరతో దాని భుజం చీల్చేసింది. అరచెయ్యంత తోలు ఊడిపోయింది. దొర గడీలో వెట్టిచాకిరీ చేసే సాయిలు మోతీని రోజూ మోసుకొస్తున్నాడు, డాక్టర్ కడిగి కట్టు కడుతున్నాడు. పుండు ఎర్రగా, శుభ్రంగా తేలింది గానీ పూడుకోవడం లేదు. కుక్క ఒంటి మీదే ఇంకో చోటి తోలు కోసి కప్పాలని నిన్న సాయిలుతో దొరకు కబురు పంపాడు.

“కొయ్యక తప్పదండీ,” అన్నాడు డాక్టర్. మోతీ డొక్క దగ్గరి తోలును రెండు వేళ్లతో పట్టి లేపాడు. “ఇక్కడ చూడండి, ఎంత వదులుగా ఉందో. మూడు వైపులా కోస్తాను. నాలుగో వైపు ఒంటికే అంటి ఉంటుంది, అందులోంచి నెత్తురు అందుతుంది. దాన్ని ఇలా తిప్పి పుండు మీద పరిచి కుట్టేస్తాను. కోసిన చోటును దగ్గరికి లాగి కుడితే అదీ మానిపోతుంది. మొన్నటి యుద్ధంలో కాలిపోయిన సిపాయిల మొహాలు ఇలాగే బాగుచేశారండీ.”

“ఒక్క గాయంతోని పంపిస్తే రెండు గాయాలు జేసి పంపుతవా? డొక్క మీద మచ్చ పడదా?”

“పడుతుందండీ. మచ్చ ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా?”

“మచ్చనే! పట్నం నుంచి వేటకొచ్చే దోస్తులు నా కుక్కను జూసి నవ్వుతరు.”

వెంకటనారాయణకు ఒళ్లు మండింది. పందికి ఎదురు నిలిచిన కుక్క. దాని ప్రాణం కంటే ఈయనగారి దర్జా ఎక్కువైపోయింది!

“ఈ ఎండల్లో పుండును ఇలాగే వదిలేస్తే పురుగు పడుతుంది. కుక్క చస్తుంది. తర్వాత మీ ఇష్టం.”

చస్తుందన్న మాట వినగానే గోడవార గొంగడి కప్పుకుని నిలబడ్డ సాయిలు గబుక్కున ముందుకొచ్చి డాక్టర్ కాళ్ల మీద పడబోయాడు. “అట్లనకు సారూ! మోతీ సస్తే నన్ను బతకనియ్యరు. ఏమన్న జేసి దాన్ని లేపు, నీ బాంచెన్.”

దొర అతని వైపు చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగానే ఆయన మొహం విప్పారింది.

“తోలే గద కావాలె? అరచెయ్యంత తోలే గద? వీనిది తియ్యి.”

“ఏమిటండీ?”

“సాయిలుగాని తోలు దీసి మోతీకి కుట్టు. గింత దానికి పరేషానెందుకు?”

డాక్టర్ చేతిలో కత్తెర ఠంగున బల్ల మీద పడింది. “మతి ఉండే మాట్లాడుతున్నారా? మనిషి తోలు కుక్కకు అంటుకోదు! ఇంకో కుక్క తోలు కూడా అంటుకోదు. దేనిది దానికే!”

“ఎందుకంటుకోదు?” అన్నాడు దొర. “వీడు మా గడీల పుట్టిండు. మా గడీ కూడు తిని పెరిగిండు. మోతీ తినేది గూడ అదే కుండల కూడు. ఇద్దరి ఒంట్ల ఉన్నది నా తిండే. అంటుకోకేం జేస్తది?”

అది వేళాకోళం కాదు. ఆయన నిజంగానే అలా నమ్ముతున్నాడు.

“ఇది పశువుల దవాఖానండీ. మనుషుల మీద కత్తి పెట్టే హక్కు నాకు లేదు. ఉన్నా పెట్టను. నిజాం సర్కారుకు రాసుకోండి, నా ఉద్యోగం ఊడబెరికించుకోండి. అతని ఒంటి మీద గోరు కూడా పెట్టను!”

“నువ్వు కుట్టు, సాలు. తీసుడు మా మంగలితోని తీపిస్త. ఓ సాయిలూ, గొంగడి తియ్యి.”

“వద్దు సాయిలూ!” డాక్టర్ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. “కదలకు. ఇక్కడ నీ మీద ఎవడూ చెయ్యి వెయ్యడు.”

సాయిలు కదిలాడు. దొరకు కాదని చెప్పడం అతనికి ఎవరూ నేర్పలేదు. “మోతీ బతికితే సాలు సారూ,” అని గొణుక్కుంటూ భుజాల మీది గొంగడిని మెల్లగా, చాలా మెల్లగా జార్చి, వీపు తిప్పి వంగి నిలబడ్డాడు.

గుడ్డ బేరం చేసేవాడిలా దొర దగ్గరికొచ్చి, ఎక్కడ నున్నగా ఉందో చూద్దామని వంగాడు. మెడ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా చూశాడు. మళ్లీ పైకి చూశాడు. వీపంతా అడ్డదిడ్డంగా చీలి ఉంది. కొన్ని చోట్ల పెచ్చు కట్టింది. కొన్ని చోట్ల గొంగడి ఉన్ని ఇంకా పచ్చి మాంసానికి అంటుకునే ఉంది.

డాక్టర్ వారం రోజులుగా కుక్కకు కట్టు కట్టింది ఈ మనిషి పక్కన నిలబడే.

దొర మొహం మాత్రం కోపంతో కందిపోయింది. తన సొమ్మును ఎవడో పాడుచేశాడన్న కోపం అది.

“ఎవడ్రా వాడు?” అని గర్జించాడు. “జానెడు మంచి తోలు లేకుంట జేసిండు! నా మనిషి మీద చెయ్యేసినోడు ఎవడు? పేరు జెప్పు, వాని తోలు ఒలిపిస్త!”

సాయిలు వంచిన నడుము ఎత్తలేదు.

“తమరే గద దొరా,” అన్నాడు. “మోతీని పంది పొడిచిన నాడు.”