నాలుగు గంటల తాత

ఫోన్ మోగింది. అటువైపు మళ్లీ అదే గొంతు.

"అమ్మాయ్, నీ కెర్నల్ సోమవారం వండాను. ఇవాళ నడిపి చూశాను. నలభై నిమిషాలకి నెట్‌వర్క్ చచ్చింది."

దొర్సాఫ్ కళ్లు మూసుకుంది.

స్ఫాక్స్ నగరంలోని ఆ చిన్న కంపెనీలో కెర్నల్ తయారుచెయ్యడాన్ని వంట అంటారు. కంప్యూటర్ లోపల అన్నిటికీ పెద్దదిక్కు కెర్నల్. ఒక్క సర్వరే పది సర్వర్లుగా పనిచెయ్యాలన్నా, ఆ పదీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలన్నా దాన్ని ప్రత్యేకంగా వండుకోవాలి. వండినవాళ్లు ఏమేం వేశారో అందరికీ తెరిచి చూపించాలన్నది ఈ పనిలో ఆనవాయితీ. దారినపోయే దానయ్య కూడా తెచ్చుకుని వండుకోవచ్చు.

ఈ మఖ్లూఫ్ బాబాయ్ అలా తగులుకున్నవాడే.

మూడు నెలలుగా దొర్సాఫ్ తొమ్మిది ఆసుపత్రుల సర్వర్ల కోసం ఒకే కెర్నల్ వండుతోంది. రెండుసార్లు గడువు దాటింది. ఈ శుక్రవారం కూడా దాటితే వేరే ఉద్యోగం చూసుకోమని యజమాని మొహంమీదే చెప్పాడు.

ఆమెకు భయపడే ఓపిక కూడా లేదు. తింటే తిన్నట్టు లేదు, పడుకుంటే పడుకున్నట్టు లేదు.

"మా దగ్గర బాగానే నడుస్తోంది బాబాయ్."

"మీవి కొత్త నెట్‌వర్క్ కార్డులు తల్లీ. నాది పాతది. కాసేపు పని లేకపోతే కునుకు తీస్తుంది. ఇక లేవదు."

"అయితే కొత్తది కొనుక్కోండి."

"నేనొక్కణ్ణి కొనుక్కుంటే సరిపోతుందా?"

ఆయన వెనకాల ఏదో కీచు కీచుమంటోంది. ఎప్పుడు ఫోన్ చేసినా అంతే.

"ముందు ఆ యూపీఎస్ బాగుచేయించుకోండి. నా చెవులు పోతున్నాయి."

"నాకు అలవాటైపోయిందిలే," అని నవ్వాడాయన.

పక్క బల్ల దగ్గర నౌఫెల్ లబ్లాబీ అనే శనగల పులుసులోకి రొట్టె తుంచుకుంటూ గట్టిగా అడిగాడు.

"ఎవరు, నాలుగు గంటల తాతేనా?"

ఆ పేరు పెట్టింది అతనే. తాత పాత డబ్బామీద ఒక్క వంటకి నాలుగు గంటలు పడుతుంది. అంతసేపూ దాని ముందే కూర్చుంటారా అని దొర్సాఫ్ ఒకసారి అడిగింది. "ఎలాగూ కూర్చోవాలి కదమ్మా," అన్నాడు.

"పనీపాటా లేని ముసలాడు. పెట్టెయ్," అన్నాడు నౌఫెల్.

ఆ మాట ఫోన్లో వినబడే ఉంటుంది.

"పెట్టేస్తాలేమ్మా. రెండు వరుసలు మార్చి నీకు పంపాను, చూడు. పనికొస్తే కింద నా పేరు వెయ్యి. 'పరీక్షించినవారు' అని రాస్తారుగా, అక్కడ."

నడిపి చూసి తప్పు చెప్పినవాళ్లకి ఈ పనిలో దక్కేది ఆ ఒక్క వరుసే.

"మా ఖాతాదారుల పేర్లే వేస్తాం బాబాయ్. మీరు మా జాబితాలో లేరు."



"అదీ నిజమే," అని ఆయన పెట్టేశాడు.

అది బుధవారం. సోమ, బుధ, శుక్రవారాలు తప్పకుండా మోగే ఫోన్ ఆ శుక్రవారం మోగలేదు.

"పీడ విరగడైంది," అన్నాడు నౌఫెల్.

ఆయన పంపింది దొర్సాఫ్ తెరవనే లేదు. అదే రోజు కెర్నల్ తొమ్మిది చోట్లకీ వెళ్లిపోయింది. ఎనిమిది చోట్ల నల్లేరు మీద బండి నడకే.

నలభై నిమిషాలకి తొమ్మిదో చోటునుంచి ఫోన్ వచ్చింది. అక్కడ కిడ్నీలు చెడినవాళ్లకి రక్తం శుద్ధిచేస్తారు. ఎవరికి ఎంత ఎక్కించాలో, ఎంత తియ్యాలో రాసిన చీటీలన్నీ సర్వర్లోనే ఉన్నాయి. నెట్‌వర్క్ పోయింది. రోగులు వరండాలో కూర్చుని ఉన్నారు.

పాత కెర్నల్‌కి మళ్లిద్దామంటే అది లేదు. చోటు చాలడం లేదని దొర్సాఫే చెరిపేసింది.

అప్పుడు తెరిచింది ఆయన పంపినది. రెండే వరుసలు. కార్డుని నిద్రపోనివ్వకూడదని.

ఆఫీసులో పది నిమిషాల్లో వండి, పట్టుకుని ఆ ఆసుపత్రికి పరుగెత్తింది. అక్కడి సర్వర్లో వేసి, గడియారం చూస్తూ కూర్చుంది. చీటీలు తెరుచుకున్నాయి. నర్సు వసీలా రోగుల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది.

నలభై నిమిషాలు గడిచాయి. నలభై ఒకటి. నెట్‌వర్క్ నిలబడింది.

దొర్సాఫ్‌కి సంతోషం కలగలేదు. ల్యాప్‌టాప్ తెరిచి, 'పరీక్షించినవారు: మఖ్లూఫ్' అని రాసింది. అంతే.

లోపలి గదిలో యంత్రాలు కీచుమంటున్నాయి. ఆమె తల ఎత్తింది. మూడు నెలలుగా ఫోన్లో వింటున్న చప్పుడే.

లేచి లోపలికి వెళ్లింది. కిటికీ గట్టుమీద ఒక పాత కంప్యూటర్ ఉంది.

"ఇదెవరిది?" అని వసీలాని అడిగింది.

"మా మఖ్లూఫ్‌ది. మా సర్వర్లో ఉన్నటువంటి కార్డే కావాలని పాత సామాన్ల బజారంతా గాలించాడు. కొత్తది ఏదొచ్చినా ముందు తన డబ్బా మీద చూసి గానీ ఒప్పుకోడు."

"ఇక్కణ్ణుంచి ఫోన్ చేస్తున్నానని ఒక్కమాట చెప్పలేదే?"

"నేనూ అడిగాను. 'చెబితే జాలిపడి వింటారు వసీలా, తప్పుంది కాబట్టి వినాలి' అన్నాడు."

"పేరు వేశానని ఆయనకి చెప్పాలి. ఎప్పుడొస్తారు?"

వసీలా కిటికీ పక్కనున్న ఖాళీ కుర్చీ మీద దుప్పటి సర్దింది.

"ఏడేళ్లు, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఈ కుర్చీలోనే కూర్చున్నాడమ్మా, నిన్న పొద్దున్నే మట్టి చేసి వచ్చాం."